ఎంగిలి మాట

కొత్త కళింగరేవు, యూరోపా. దుబాసి నూకరత్నం దినచర్య.

నమోదు 1

వచ్చేసింది. లోవవాళ్ళ భాష వచ్చేసింది. చిటికెన వేలంత సీసాలో రెండే చుక్కలు. ఒకటి నాకు, ఒకటి పాణిగ్రాహికి. నాలుక మీద వేసుకుంటే భాష మెల్లగా దానంతటదే వస్తుంది. పొద్దున్న రేవు పెద్ద సన్యాసిరావు బాబు ఆ సీసా నా చేతిలో పెట్టిన దగ్గర్నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. అసలే ఈ చంద్రుడి మీద ఒంటికి బరువు తక్కువ. సంబరంగా నాలుగడుగులు వేస్తే తల వెళ్ళి కప్పుకి కొట్టుకుంటుంది. ఇప్పటికి రెండు బొప్పులు కట్టాయి.

దుబాసి తన దినచర్యలో తన సంగతులు రాసుకోకూడదని రూలు. ఎవరు ఎవరితో ఏమన్నారో అంతవరకే రాయాలి. ఇన్నేళ్ళూ బుద్ధిగా అలాగే రాశాను. ఇవాళ మాత్రం రాయకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. సన్యాసిరావు బాబు చదివి తిడితే తిట్టనీ.

లోవవాళ్ళు మా కంటే ఆరు తరాల ముందు ఈ మంచు మీద దిగినవాళ్ళు. దిగి, మంచు తొలుచుకుని లోపలికి పోయి, మళ్ళీ ఎవరితోనూ మాట కలపలేదు. ఏ ఏ దేశాల వాళ్ళు కలిశారో, ఏ ఏ భాషలు కలిసి ఉడికాయో, ఇప్పుడు వాళ్ళ మాట భూమ్మీద ఎవరికీ తెలియదు. వాళ్ళ పిలుపులను మా యంత్రాలు ఏళ్ళ తరబడి విని, విని, చివరికి ఈ చుక్క తయారుచేశాయి. వాళ్ళ గుమ్మం ముందు నిలబడి మొదటి మాట మాట్లాడే దుబాసి ఎవరో చరిత్రలో ఉండిపోతారు. ఆ మనిషి నేనే కావాలి.

ఇక పాణిగ్రాహి. జగబంధు పాణిగ్రాహి, గంజాం వైపు మనిషి, ఈ రేవులో రెండో దుబాసి. నన్నడిగితే రెండో దుబాసి. తనని అడిగితే రెండోది నేను. భార్య పోయాక భూమి వదిలి ఇటు వచ్చాడు. అతను వేసుకున్న తెలుగు చుక్క ఏ పాత రేడియో వార్తల నుంచి తీశారో గానీ, మనిషి నోరు విప్పితే వార్తలు చదువుతున్నట్టే ఉంటుంది. నా శ్రీకాకుళం తెలుగు విన్నప్పుడల్లా కొంచెం బాధగా కళ్ళు మూసుకుంటాడు.

ఇవాళ గుమ్మం మీద పేరుకున్న మంచు గీకే వంతు మా ఇద్దరిదీ. గీకినంతసేపూ ఎప్పటి తగువే. ఏ భాష కష్టం? నేను చైనీస్ అన్నాను. స్వరం తప్పితే మాటే మారిపోతుంది, పాట రానివాడికి ఆ భాష రాదని నా వాదన. అతను అరబ్బీ అన్నాడు, ఏకవచనం నేర్చుకున్నాక బహువచనాన్ని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలని. నేను ఫిన్నిష్ విభక్తులు తీశాను. అతను జపనీస్ తీశాడు. జపనీస్‌లో కాదు అనే మాట తనకి ఒక్క పూటలో వచ్చిందనీ, ఎదుటివాడితో కాదనడం మాత్రం ఇప్పటికీ రాలేదనీ చెప్పాడు. అది నిజమే, నాకూ రాలేదు. కానీ ఒప్పుకుంటే ఎలా? తెలుగు అన్నాను. దానికి అతను పార పక్కన పెట్టి, పోయేటప్పుడు వస్తానని చెప్పే జాతి భాషతో తనకి మొదటి ఏడాది ఎన్ని పూటలు తిండి లేకుండా పోయిందో చెప్పుకొచ్చాడు. ఎవరో వస్తానని వెళ్ళారట, పాపం భోజనానికి ఎదురుచూస్తూ కూర్చున్నాడట. నవ్వి నవ్వి నా హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టేసింది.

చీటీ వేశారు. మొదట వెళ్ళే పేరు అతనిది వచ్చింది. నేనేం ఏడవలేదు.

నమోదు 2

ఏడిచాను. సరే. అయిపోయింది.

'కొర్రమీను' పడవలో పాణిగ్రాహి, పడవ నడిపే అప్పలకొండ మంచు కింది సముద్రంలోకి దిగారు, లోవవాళ్ళ కింది గుమ్మం వైపు. నేను మంచులో తవ్విన దిగుడు బావి అంచు దాకా వెళ్ళి సాగనంపాను. పాణిగ్రాహి ఎక్కుతూ వెనక్కి తిరిగి, "వస్తాను రత్నం గారూ," అన్నాడు. ఎగతాళికే అన్నాడు. వెళ్ళి రా అన్నాను.

చుక్క పని మొదలెట్టింది. ఈ అనుభవం దుబాసీలకి తప్ప ఎవరికీ తెలియదు, అందుకే రాస్తున్నాను. గిన్నెలు తోముతుంటే గిన్నెకి ఇంకో పేరు నోట్లోకి వస్తుంది. మనం పిలవకుండానే వస్తుంది. మంచుకి వాళ్ళ దగ్గర బోలెడు పేర్లు: మూలిగే మంచు, పగలబోయే మంచు, అబద్ధపు మంచు. అబద్ధపు మంచంటే పైకి గట్టిగా కనిపించి అడుగు వెయ్యగానే విరిగేది. నాకు ఒళ్ళు పులకరించింది. గోంగూర మళ్ళకి దీపాలు మారుస్తూ నాలో నేను గట్టిగా మాట్లాడుకుంటుంటే పక్క గదుల వాళ్ళు తొంగి చూసి వెళ్ళారు. చూడనీ. కొత్త భాష వస్తున్న మనిషికి సిగ్గుండదు.

ఒకటే వింత. ఈ భాషలో కబురుకి మాట లేదు. పుకారుకి లేదు, చాడీకి లేదు, వదంతికి లేదు. ఎంత వెతికినా నాలుక మీదికి రావడం లేదు. మా రేవులో ఆ నాలుగూ లేకపోతే జనం పొద్దు ఎలా గడుపుతారో నాకు తెలియదు. చుక్కలో ఏదో లోపం ఉండి ఉంటుందని సన్యాసిరావు బాబుతో అన్నాను.

దుబాసీల్లో ఒక సామెత ఉంది, చుక్క మాటలిస్తుంది, మర్యాద ఇవ్వదు అని. అందుకే ఏ భాషకైనా ఆ మనుషుల గుమ్మంలో కొన్నాళ్ళు కూర్చోవాలి. పాణిగ్రాహి ఈపాటికి కూర్చునే ఉంటాడు. నా కడుపు మండిపోతోంది.

నమోదు 3

కొర్రమీను ఇరుక్కుపోయింది.

లోవ దగ్గర మంచు కదిలి, పగుళ్ళ మధ్య పడవను పట్టేసింది. మాట అందడం లేదు. పడవలో ఉన్న గుర్తు యంత్రం ఒక్కటే, ఇక్కడున్నానంటూ కూత పెడుతోంది. వాళ్ళ దగ్గర గాలి వారానికి సరిపోతుంది, ఊపిరి పొదుపు చేసుకుంటే ఇంకాస్త. మా తవ్వుడు యంత్రం దించితే ఆ అదురుకి పగులు మూసుకుపోయి పడవ అప్పడమైపోతుంది. మంచుని కదపకుండా కొయ్యగలిగినవాళ్ళు లోవవాళ్ళే. వాళ్ళు వేడి తాళ్ళతో కోస్తారు, పైనుంచి మా కెమెరాల్లో ఎన్నోసార్లు చూశాం.

వాళ్ళని అడగాలి. అడిగే నోరు నాదే.

సన్యాసిరావు బాబూ నేనూ మంచుబండి మీద లోవ పైగుమ్మానికి వెళ్ళాం. గుమ్మం తెరిచారు. లోపల గాలి ఉంది, చలి ఉంది, పసుపు దీపాలున్నాయి. పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ళకి ముందు తేమా అనే ఆవిడ, నా వయసే ఉంటుంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఇంత ఆపదలోనూ నా గుండె సంబరంతో దడదడలాడింది. అబద్ధం చెప్పను.

సన్యాసిరావు బాబు మాట్లాడాడు, నేను చెప్పాను. దుబాసి పద్ధతి ఏమిటంటే, అవతలి మనిషి నేను అంటే మనమూ నేను అనాలి. 'ఆయన ఇలా అంటున్నారు' అనకూడదు, అది కొత్తగా చేరినవాడి పని. దుబాసి అద్దంలా ఉండాలి, తాను కనిపించకూడదు. ఆ పద్ధతిలో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. అలాగే తొణక్కుండా చెప్పాను: నేను రేవుకి పెద్దని. నా మనుషులిద్దరు మీ మంచులో ఇరుక్కున్నారు. నా యంత్రం కూత విన్నాను. వాళ్ళని నాకు తీసివ్వండి.

పదిమందీ ఒక్కసారి తల తిప్పుకున్నారు. ఒక ముసలాయన చెవులు మూసుకున్నాడు. తేమా లోపలికి వెళ్ళి, చిన్న గిన్నెతో నీళ్ళు తెచ్చి రెండు చేతులా నాకిచ్చింది. హమ్మయ్య, మర్యాద చేస్తున్నారనుకున్నాను. గడపలోకి వచ్చినవాళ్ళకి మనం ముందు మంచినీళ్ళే కదా ఇస్తాం. కళ్ళకద్దుకున్నంత పని చేసి, గటగటా తాగేసి, గిన్నె బోర్లించి చూపించాను.

ఎవరో ఓకరించారు. అందరూ లోపలికి వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర తేమా ఒక్కతే మిగిలింది, నన్ను చూడకుండా.

"ఏటైనాదే? ఏటన్నావు నువ్వు?" అన్నాడు సన్యాసిరావు బాబు.

ఏమన్నానో ఆయనకి చెప్పాను. ఏమైందో నాకే తెలియదు. ఇద్దరం బండెక్కి తిరిగొచ్చేశాం. రేవులో అప్పలకొండ భార్య పోలమ్మ బావి అంచున కూర్చుని ఉంది. పక్కన పళ్ళెంలో అన్నం గడ్డకట్టి ఉంది. నన్ను చూసి లేచింది. తల వంచుకుని వచ్చేశాను.

నమోదు 4

మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే. రోజంతా లోవ గుమ్మం లోపల నేల మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు, రమ్మననూ లేదు. చుక్క ఇవ్వనిది కళ్ళతో తీసుకోవాలి.

వేడి తాళ్ళు పేనేవాళ్ళు కూర్చుని పని చేసుకుంటున్నారు. ఒకతని చెయ్యి కాలి గుడ్డ కట్టి ఉంది. ఎలా కాలిందో పక్కనున్న అతని భార్యని ఒక ముసలావిడ అడిగింది. భార్యకి తెలియకుండా ఉంటుందా? ఆవిడే కట్టు కట్టింది. అయినా నోరు మెదపలేదు. మొగుణ్ణి పిలిచింది, అతను తాడు పక్కన పెట్టి లేచి వచ్చి తన నోటితో చెప్పాడు. ముసలావిడ అప్పుడు అయ్యో అంది.

ఇంతలో ఒక చిన్నపిల్ల, ఆరేళ్ళు ఉంటాయేమో, తేమా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, ఎవరో స్నేహితురాలు పొద్దున్న పెద్ద నల్లచేపను చూసిందని గడగడా చెప్పబోయింది. తేమా పిల్ల గడ్డం పట్టుకుంది. తిట్టలేదు. గిన్నెతో నీళ్ళు నోట్లో పోసింది. పిల్ల పుక్కిలించి ఉమ్మేసి, సిగ్గుపడి, వెళ్ళి ఆ స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. స్నేహితురాలు చెప్పింది. అందరూ ఆ చేప గురించి ముచ్చటగా విన్నారు.

గిన్నె. అదే గిన్నె.

నేను ఎగిరి లేచాను. తల ఠపీమని కప్పుకి తగిలింది. అయినా నవ్వొచ్చింది. ఎంగిలి! వీళ్ళకి ఒకరి నోట్లోని మాట ఇంకొకరు పలికితే ఎంగిలి. మనం ఒకరు కొరికిన పండు ఇంకొకరికి పెట్టం కదా, సరిగ్గా అలాగే. చూసినవాడు చెప్పాలి, అనుభవించినవాడు చెప్పాలి, కావలసినవాడు అడగాలి. అందుకే వాళ్ళకి కబురు లేదు, చాడీ లేదు. చుక్కలో లోపమేమీ లేదు.

ఇక నేను చేసిందేమిటి? వచ్చీరాగానే సన్యాసిరావు బాబు నోట్లోది నా నోట్లో పెట్టుకుని, పైగా నేను, నేను అంటూ వాళ్ళ ముఖాన ఊశాను. పాపం ఆవిడ కడుక్కోమని నీళ్ళిస్తే, ఆ ఎంగిలితో సహా మింగేసి గిన్నె చూపించాను. నా బతుకు తెల్లారినట్టే ఉంది. అయినా ఆ క్షణంలో నాకు సిగ్గు కంటే ఆనందమే ఎక్కువ వేసింది. ఇంతకంటే కష్టమైన భాష పుట్టదు. దుబాసి అనేవాడే ఉండడానికి వీల్లేని భాష. ఇది పాణిగ్రాహికి చెప్పాలని నోరు తెరిచాను. పక్కన అతను లేడు.

అక్కడితో ఆనందం దిగిపోయింది.

చూసినవాళ్ళు చెప్పాలి. చూసినవాళ్ళు మంచు కింద ఉన్నారు. రేవుకి వచ్చి సన్యాసిరావు బాబుకి అంతా వివరించాను. గుర్తు యంత్రాన్నే పట్టుకెళ్ళి కూత వినిపిద్దామా అన్నాడు. యంత్రం మాటకి నోరే లేదు, అది ఎంగిలి కంటే హీనం అన్నాను. మరైతే పగులు దగ్గరికి నేనే వెళ్తానన్నాను. అక్కడ మంచు ఇంకా కదులుతోంది.

"ఒలే రత్నం, ఇద్దరు దుబాసీలూ మంచులో కూకుంటే రేవుకి నోరేదే? నాను పంపనేను."

"నాను సూడకపోతే నాను సెప్పనేను బావూ. సెప్పకపోతే ఆలు తియ్యరు. తియ్యకపోతే..."

ఆయన తన పెద్ద చేతితొడుగులు తీసి నాకిచ్చాడు. నా వాటికంటే అవి మందంగా ఉంటాయి.

నమోదు 5

పగులు దగ్గరికి వెళ్ళాను. ఆకాశంలో పళ్ళెమంత గురుగ్రహం. దాని ఎర్ర వెలుగు మంచు మీద పడి అంతా కుంకుమ చల్లినట్టుంది. చూసి మురిసిపోయే తీరిక లేదు గానీ, చూశాను.

లోవ భాష నాకు అక్కడే నిజంగా పనికొచ్చింది. తెలుగులో నాకు మంచు అంటే మంచే. లోవ మాటల్లో ఆలోచించుకుంటే మూలిగే మంచు ఏదో, అబద్ధపు మంచు ఏదో కాలికే తెలిసింది. ఒకచోట అడుగు వెయ్యబోయి, ఇది అబద్ధపుది అని నాలుక అంటే వెనక్కి తగ్గాను. చేతిలోని కర్ర విసిరితే పెంకులా విరిగి కర్ర లోపలికి పోయింది. ప్రాణం కాపాడిన భాష అని ఇకనుంచి ఎవరితోనైనా చెప్పుకోవచ్చు.

పగులు అంచున బోర్లా పడుకుని కిందికి చూశాను. లోతున పసుపు వెలుగు, మసకగా. పడవ దీపమే అయి ఉండాలి. కానీ అయి ఉండాలి అన్నది పనికిరాదు, నేను చూసింది వెలుగు. హెల్మెట్‌ని మంచుకి ఆనించాను. గాలి లేని చోట చప్పుడు వినిపించదు గానీ, మంచులోంచి హెల్మెట్‌కి పాకుతుంది. చాలాసేపు మంచు మూలుగే. తర్వాత సన్నగా ఒక గొంతు. ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగి. మాటలు తెలియలేదు. ఏడుపు కాదు, అరుపు కాదు. ఎత్తు పల్లాలు ఒకే తీరున వస్తున్నాయి.

ఆ తీరు నాకు తెలుసు. ఆ మహానుభావుడు మంచులో ఇరుక్కుని, ఊపిరి పొదుపు చెయ్యాల్సిన వేళ, లోవ భాష వల్లె వేస్తున్నాడు. నా కంటే ముందుండాలని.

అక్కడే, ఆ మంచు మీద బోర్లా పడుకుని, గట్టిగా తిట్టాను. ఒడియాలో తిట్టాను, తెలుగులో తిట్టాను. ఏడుస్తూ తిట్టాను. హెల్మెట్‌లో కన్నీళ్ళు తుడుచుకోవడం కుదరదు, ముక్కు కొసన నిలబడి చక్కిలిగిలి పెడతాయి.

నమోదు 6

ఇది నెమ్మదిగా రాయాలి.

లోవ గుమ్మంలోకి వెళ్ళగానే నీళ్ళ గిన్నె నేనే అడిగాను. పుక్కిలించాను. ఉమ్మేశాను. మళ్ళీ పుక్కిలించాను. తేమా నా వైపు మొదటిసారి తిరిగింది. పనులు ఆపి ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

నేను చూసింది చెప్పాను. పగులు ఎక్కడుందో, అంచు ఎటు వంగి ఉందో, ఎక్కడ అబద్ధపు మంచు ఉందో చెప్పాను. లోతున పసుపు వెలుగు చూశానన్నాను. మంచుకి తల ఆనించి ఒక గొంతు విన్నానన్నాను. మాటలు తెలియలేదని కూడా చెప్పాను. తాళ్ళు పేనే ముసలాయన ముందుకు జరిగి, వెలుగు కదిలిందా అని అడిగాడు. కదల్లేదన్నాను. అయితే పడవ ఇంకా నలగలేదు అన్నట్టు తల ఊపాడు.

వింటున్నారు. పదిమందీ నన్ను వింటున్నారు. పాతికేళ్ళ నుంచి సభల్లో, బేరాల్లో, పెళ్ళిళ్ళలో, తగువుల్లో మాట్లాడుతున్నాను. నా మాట కోసం ఎవరూ నన్ను చూడలేదు. నా పక్కనున్నవాణ్ణి చూస్తారు. అలా చూడాలి కూడా, అదే మా విద్య.

"ఎవరు కింద?" అంది తేమా.

"ఇద్దరు మనుషులు పడవ ఎక్కడం చూశాను. ఆ తర్వాత వాళ్ళని చూడలేదు."

"నీకు ఏం కావాలి?"

ఇక్కడ తడబడ్డాను. పోలమ్మ బావి అంచున కూర్చుని ఉందనీ, అన్నం ముట్టడం నేను చూడలేదనీ చెప్పాను. తేమా ఓపిగ్గా విని, అది ఆవిడ అడగాలి అంది. రేవు పెద్ద చాలా దిగులుగా ఉన్నాడని చెప్పాను. అదీ ఆయనే అడగాలి అంది. మంచు కొయ్యడానికి వాళ్ళ మనుషులు అబద్ధపు మంచు మీద నడవాలి, ప్రాణాలు పణంగా పెట్టాలి. అడగనివాడి కోసం ఎవరూ నడవరు. ఇక్కడ నిలబడింది నేను. అడగాల్సింది నేను.

"నువ్వు అడుగు. నీకు ఏం కావాలి?"

మాటలన్నీ ఉన్నాయి. నేను అనే మాట ఉంది, కావాలి అనే మాట ఉంది. ఏ పసిపిల్లకైనా మొదటి పూటే వచ్చే మాటలు. నాకు నోరు పెగల్లేదు. ఎవరి తరఫునైనా అయితే ఇట్టే అనేసేదాన్ని. పక్కకి చూశాను, ఎవరైనా ఏదైనా అంటారేమో, అందుకుందామని. పక్కన ఎవరూ లేరు. తేమా గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. తొందర పెట్టలేదు.

హెల్మెట్ కింద పెట్టాను. చేతితొడుగులు తీశాను. అవి సన్యాసిరావు బాబువి, అవి వేసుకుని చెప్పడం నాకే బాగోలేదు.

"ఆ పడవ ఎక్కిన మనిషి ఒకడున్నాడు," అన్నాను. "రోజూ నాతో తగువు పడతాడు. నాకు పన్నెండు భాషలు వచ్చు. ఏ భాషలో ఏం తట్టినా ముందు అతనికే చెప్పాలనిపిస్తుంది. నిన్న మీ నీళ్ళ గిన్నె సంగతి తెలిసినప్పుడు కూడా అతని వైపే తిరిగాను, అతను లేడు. ఇదివరకు నేను ఇది ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. అతను నాకు కావాలి. అతని పక్కనున్నవాడు కూడా బతకాలి, ఆ పెళ్ళాం ముఖం నేను ఇంకోసారి అలా చూడలేను. నేను అడుగుతున్నాను. తీసివ్వండి."

ఎవరూ నవ్వలేదు. ముసలాయన చెవులు మూసుకోలేదు. తేమా గిన్నె నా చేతికిచ్చింది. మళ్ళీ ఏం ఎంగిలి చేశానో అనుకున్నాను. పుక్కిలించబోతే తేమా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తాగు," అంది.

తాగాను. ఈలోగా తాళ్ళు భుజాన వేసుకుని ఆరుగురు గుమ్మం దాకా వెళ్ళిపోయారు.

నమోదు 7

వాళ్ళు కోస్తుంటే చూశాను. తాడు మంచులోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. అదురు లేదు, చప్పుడు లేదు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు మంచుకి తల ఆనించి మూలుగు వింటున్నారు. ఒకసారి అందరూ చెయ్యెత్తి ఆగిపోయారు. కాళ్ళ కింద మంచు ఒక్క పెద్ద మూలుగు మూలిగింది. మూలుగు తగ్గాక మళ్ళీ మొదలెట్టారు. నన్ను సాయం పట్టనివ్వలేదు. చూడు, నీకు చెప్పుకోవడానికి ఉండాలి అన్నారు. వాళ్ళకి అదే మర్యాదని అర్థమైంది.

కొర్రమీను మూత తెరుచుకుంది. ముందు అప్పలకొండ వచ్చాడు, హెల్మెట్ అద్దం వెనక గడ్డం మాసి, కళ్ళు చిట్లించుకుంటూ. పోలమ్మ ఏదని అడిగాడు. రేవులో ఉందన్నాను. తర్వాత పాణిగ్రాహి. కాళ్ళు నిలవక ఇద్దరు లోవవాళ్ళ భుజాల మీద చేతులు వేసుకుని వచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. వస్తూనే వాళ్ళతో వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పబోయాడు. మంచులో పడి ఉన్నవాడికి నేర్చుకోవడానికి బోలెడు తీరిక దొరికింది మరి, పలుకు చక్కగా ఉంది, నాకంటే బాగుంది. ఒళ్ళు మండింది. అంత సంతోషంగా నాకెప్పుడూ ఒళ్ళు మండలేదు.

గుమ్మం లోపల అతన్ని దీపాల దగ్గర కూర్చోబెట్టారు. వేడి ద్రవమేదో తాగించారు. నీళ్ళ గిన్నె సంగతీ, ఎంగిలి సంగతీ ఒక్క గుక్కలో చెప్పేశాను. పాణిగ్రాహి కళ్ళు పెద్దవయ్యాయి. బతికి బయటపడ్డ సంబరం కంటే ఆ సంగతి విన్న సంబరమే ఎక్కువ కనబడింది అతని ముఖంలో. దుబాసికి చోటే లేని భాషా, అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. కష్టం విషయంలో ఇదే మొదటిదని ఇద్దరం ఒప్పుకున్నాం. మేమిద్దరం ఒక సంగతి మీద ఒప్పుకోవడం ఇదే మొదలు.

తర్వాత అతనికి సందేహం వచ్చింది. వస్తుందని నాకు తెలుసు. సన్యాసిరావు బాబు తరఫున అడగడానికి వీల్లేనప్పుడు వీళ్ళు తాళ్ళు ఎందుకు తీశారు?

"రత్నం గారూ, మీరు వారితో ఏమని విన్నవించారు?"

ఏదో చెప్పాన్లే అన్నాను. మంచు గురించి అన్నాను. దీపం వత్తి సరిచేశాను, దానికి వత్తి లేదు. అతను నన్ను వదిలేసి తేమా వైపు తిరిగి, ఆవిడ భాషలో ఆవిడనే అడిగాడు, ఈవిడ మీతో ఏమన్నదని.

తేమా ఇబ్బందిగా చూసింది. అతను కొత్తవాడు కదా అని కాబోలు, నొప్పించకుండా చెప్పింది.

"నేను చూసింది చెప్తాను. ఆవిడ చేతితొడుగులు తీసేసింది. చేతులు వణికాయి. ఏమందో ఆవిడ నోట్లో ఉంది."

పాణిగ్రాహి నా వైపు తిరిగాడు.

ఏ భాషలో చెప్పాలో ఒక్క క్షణం వెతుక్కున్నాను. ఒడియాలో అయితే అతనికి సుఖం. లోవ భాషలో అయితే నేను ఒకసారి అనేసిందే, తేలిక. రెండూ వద్దనుకుని తెలుగులో చెప్పాను, మా ఊరి తెలుగులోనే, నేను ఏడ్చేటప్పుడు మాట్లాడే తెలుగులో. అతను కళ్ళు మూసుకోలేదు.

నా మాటలో ఒక్క ముక్క కూడా అతనికి తెలియకుండా పోదు, తెలుగు నాకంటే శుభ్రంగా వచ్చు. అయినా ఇంకోసారి చెప్పమన్నాడు.